ఎత్తి తాగిన నీళ్ళు

వాన వెలిసిన మర్నాడు మా వీధిలో మునిసిపాలిటీ వాళ్ళు బ్లీచింగ్ పౌడరు చల్లిపోతారు. మనవరాలు ముక్కు మూసుకుని లోపలికి పరిగెడుతుంది. నేను మాత్రం గడప దగ్గరే నిలబడతాను. ఆ ఘాటు తగిలిందంటే తిరువళ్ళూరు దగ్గరి నూలు మిల్లూ, అక్కడి మా మేనేజరు యోహాను గారూ గుర్తొస్తారు. ఆయన మీకెవరికీ తెలియరు. పేపర్లో పేరు పడ్డ మనిషి కాదు. నన్ను మనిషిని చేసిందెవరని అడిగితే మాత్రం, మా అమ్మ తర్వాత నేను చెప్పేది ఆయన పేరే.

డెబ్బైల చివర్లో నేను మా ఊరు కనకమ్మ సత్రంలో బస్సెక్కి ఆ మిల్లుకు పోయేదాన్ని. కండెలకు నూలు చుట్టే సెక్షనులో అందరం ఆడవాళ్ళమే. సగానికి పైగా బదిలీ వాళ్ళం, అంటే ఇవాళ రాకపోతే రేపు మన చోట ఇంకొకరు నిలబడి ఉంటారు. యోహాను గారికి నోరు తెరిస్తే తిట్లే. కొత్తలో నా జడ మిషను మీద వేలాడటం చూసి, “ఏమ్మా, గుండు కావల్లంటే తిరుత్తణి కొండకు పో. ఆడైతే పుణ్యమన్నా వస్తుంది. ఈ మిషను తలకాయతో సహా తీసుకుంటుంది” అన్నారు. చుట్టూ అందరూ నవ్వారు. నేను ఉడికిపోయి, ఆయన్ని మనసులో తిట్టుకుంటూనే జడ ముడేసుకున్నాను.

ఆ ఏడు దీపావళి తర్వాతి వానలకు చుట్టుపక్కల ఊళ్ళలో వాంతిభేది పట్టుకుంది. నా పక్క మిషను మీద పనిచేసే రాజమ్మక్క వెంగల్ అనే ఊరి నుంచి వచ్చేది. కడుపు బాగాలేదని పొద్దున్నే నాతో చెప్పింది. ఇంటికి పొమ్మన్నాను. “పోతే నా తావులో ఇంకొకతిని పెడతారే. పిల్లోళ్ళకు ఏం పెట్టేది?” అంది. మధ్యాహ్నానికి మిషను దగ్గరే కూలబడింది. యోహాను గారు ఆమెను మిల్లు జీపులో ఆస్పత్రికి పంపించి, నేరుగా మా మంచినీళ్ళ బాన దగ్గరికొచ్చి నిలుచున్నారు. ఎవరొచ్చి ఎలా తాగుతున్నారో చూస్తూ ఉన్నారు. తిట్టని యోహాను గారిని చూడటం మాకదే మొదలు.

మాకు ఎంగిలి పట్టింపు ఎక్కువ. నానా కులాల వాళ్ళం ఒకే చెంబు వాడతాం కాబట్టి ఎవరూ పెదవికి ఆనించరు, ఎత్తి గొంతులో పోసుకుంటారు. “మా నీళ్ళకేం దోషం లేదు సార్. మేము ఎంగిలి చేసేవాళ్ళం కాదు” అని నేనే ముందుకొచ్చి గొప్పగా చెప్పాను.

“సరే, తాగి చూపించు.”

చెంబు బానలో ముంచి, పైకెత్తి, చుక్క కూడా పెదవికి అంటకుండా తాగి చూపించాను.

“నోరు తగల్లేదు, ఒప్పుకుంటా. మరి వేళ్ళు?” అన్నారు.

నా చెయ్యి మణికట్టు దాకా తడిసి ఉంది. అందరూ ఎవరి చేతులు వాళ్ళు చూసుకున్నారు. పొద్దుటి నుంచీ రాజమ్మక్క కూడా ఆ చెంబే ముంచింది. నేను గబగబా చెయ్యి చీరకు తుడుచుకున్నాను. “మిమ్మల్ని అనేదేముంది. కొళాయి పెట్టించాల్సినోణ్ణి నేను, చూస్తా ఊరకున్నాను” అని యోహాను గారు తనను తానే తిట్టుకుంటూ పోయి మిల్లు ఆపించేశారు. బావిలో బ్లీచింగ్ మందు కలిపి, కొళాయిలు బిగించి, చేతులకు సబ్బు పెట్టేదాకా మిషన్లు తిరగవన్నారు. మా గుండెల్లో రాయి పడింది. రోగం సంగతేమో గానీ, కూలి లేకపోతే పస్తు ఖాయం.

మర్నాడు ముదలాళి మద్రాసు నుంచి కారులో వచ్చారు. అక్కడ యజమానిని అలాగే అంటాం. మేము వరండాలో కూర్చుని ఉన్నాం, ఆఫీసు తలుపు తీసే ఉంది.

“ఊర్లో ఉండే రోగానికి నా మిల్లు మూసేదేందయ్యా?”

“రోగం యాడ పుట్టినా, వాళ్ళు తాగింది మన నీళ్ళండి. మంచినీళ్ళు మనమే ఇయ్యల్లని చట్టముంది. నిలిపింది మనం, కాబట్టి కూలి కూడా ఇయ్యల్ల. ఆస్పత్రిలో ఉండే ఆయమ్మ తావు ఆయమ్మకే ఉండల్ల.”

“అది చట్టంలో యాడుంది?”

“లేకపోతే పోనీండి. ఉండల్ల.”

“నిన్ను తీసేసి ఇంకొకణ్ణి పెట్టుకుంటే?”

“పెట్టుకోండి. ఆయన వచ్చేదాకా మేనేజర్ని నేనే కదా.”

ముదలాళి విసురుగా లేచి వెళ్ళిపోయారు. కానీ కొళాయిలు వచ్చాయి, కూలి డబ్బులూ వచ్చాయి. రాజమ్మక్క ఎముకల గూడై తిరిగొచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియక గేటు దగ్గర నిలబడిపోయింది. “ఆడేం చేస్తా ఉండావు? నీ మిషను దుమ్ముపట్టి ఉంది, పో” అని యోహాను గారు కసిరారు. ఆమె మిషను పట్టుకుని ఏడ్చింది. మేమూ ఏడ్చాం.

సంక్రాంతి దాటాక ఆయన్ని నిజంగానే తీసేశారు. పోయే రోజు నేను వంగి కాళ్ళకు దండం పెట్టబోయాను. “మా కోసం ఉద్యోగం పోగొట్టుకున్నారు సార్” అన్నాను. ఆయన గబుక్కున వెనక్కి జరిగారు.

“మీ కోసమని ఎవురు చెప్పినారు? అది నా పని. మంచినీళ్ళు ఇచ్చినోడికి దండం పెట్టొద్దండమ్మా. ఇయ్యనోణ్ణి అడగండి.”

అడగడం అలా నేర్చుకున్నాను. ఆ తర్వాత పనిచేసిన ప్రతిచోటా అడిగాను, రెండుచోట్ల నన్నూ పొమ్మన్నారు. చివరికి తిరుత్తణిలో నలుగురు ఆడవాళ్ళతో సొంతంగా కుట్టు షెడ్డు పెట్టుకున్నాను. మొన్నటి కరోనాకు షెడ్డు మూసి, వాళ్ళ కూలి వాళ్ళ ఇళ్ళకు పంపాను. ఒకామె వచ్చి చేతులు జోడించబోతే గట్టిగా కసిరాను. పాపం, ఎందుకు కసిరానో ఆమెకు అర్థమై ఉండదు.

యోహాను గారు చనిపోయిన సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన మాట ఇన్నాళ్ళూ దాటలేదు, చేయాల్సిన పని చేసినందుకు ఎవరికీ దండం పెట్టలేదు. ఆయనకొక్కరికి మాత్రం పెట్టకుండా ఉండలేను. పెడుతున్నాను సార్. తిడితే తిట్టండి.