జనరల్‌కు చెప్పానన్న మాట

అబూధాబీలో నేను ఒక అమెరికా జనరల్‌కు కుడిభుజాన్ని. నన్ను అడగకుండా ఆయన ఏ పనీ చేసేవాడు కాదు.

సరే, ఆయన కారు డ్రైవర్‌ని. ఆయన నన్ను అడిగేది ఒక్కటే, ఏసీ కాస్త తగ్గించమని.

ఆయన అప్పటికే రిటైరై, అక్కడి సైన్యానికి సలహాలు చెప్పే ఉద్యోగంలో ఉన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ముసఫ్ఫా కార్మికవాడలోని మా గదిలో తోటివాళ్లకు ఆయన జీవితచరిత్ర నేనే చెప్పేవాణ్ణి. మొక్కజొన్న రైతు కొడుకు, పద్దెనిమిదేళ్లకు సిపాయి, ఏడు యుద్ధాలు, భుజాన నాలుగు నక్షత్రాలు. నిజానికి యుద్ధాలు రెండు; ఫోన్లో ఎవరితోనో అంటుంటే విన్నాను. నక్షత్రాలెన్నో తెలియదు, నేనెప్పుడూ ఆయన్ని సూటులోనే చూశాను. ఎడమ మోకాలు సరిగ్గా వంగేది కాదు. బాంబు ముక్క దిగిందని గదిలో చెప్పాను. గోల్ఫ్ ఆడుతూ జారిపడ్డాడట.

నా పక్క మంచం ఒక కడప మేస్త్రీది. ఒక సోమవారం అతనికి ఊరి నుంచి ఫోనొచ్చింది. వాళ్ల నాన్నకు పక్షవాతం, మాట పడిపోయింది. పాస్‌పోర్టు చూస్తే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఆఫీసులో ఉంది. స్లాబు పని అయ్యాకే సెలవన్నాడు అక్కడి ముదీర్, అంటే మేనేజరు.

"అనా, మీ జనరల్ సాబ్‌తో ఒక్క ఫోన్ చేపిచ్చు. ఆయప్ప చేస్తే కఫీల్ ఉరుక్కుంటా వచ్చి ఇయ్యడా?"

"అదెంత పనిరా! రేపే చెప్తా."

మరునాడు కారులో "సార్" అన్నాను. ఆయన తల తిప్పి చూశాడు. "ఏసీ సరిపోయిందా సార్?" అన్నాను. బాగుందన్నాడు.

గదికొచ్చి, "చెప్పా. రెండ్రోజుల్లో చూస్తానన్నాడు" అన్నాను.

గురువారం వాళ్ల నాన్న పోయాడు.

"నువ్వు మళ్లీ ఆఫీసుకు వెళ్లలేదా?" అని అడిగాను.

"ఎట్ల పోతా అనా? పెద్దాయన చూస్తానన్నాక నేను పోయి అడిగితే, ఆయప్ప మాట నమ్మనట్టు గాదా?"

అంతకుముందు నెలలోనే పక్క గది వడ్రంగి మూడు రోజులు ఆ ఆఫీసు గుమ్మంలో కూర్చుని తన పాస్‌పోర్టు తెచ్చుకున్నాడు. ఆ సంగతి మేస్త్రీకి తెలుసు, నాకూ తెలుసు.

"అంత పెద్దమనిషి చెప్పినా కాలేదంటే నా నసీబు. ఆయప్పకు నా సలాం చెప్పు అనా."

"చెప్తా" అన్నాను. నాకు ఏడుపు రాలేదు, సిగ్గూ వేయలేదు. అన్నం తిని పడుకున్నాను.

ఆదివారం ఉదయం జనరల్ కారెక్కాడు. ఆ సలాం కూడా చెప్పలేదు.