మిరియాల పొడి సీసా

సౌదీలో, నజ్రాన్ శివార్లలోని ఆ ఇంట్లో నాది వంటపని, నా భర్తది డ్రైవరు పని. నాకు నలభై దాటాక నా కూతురు ఫోన్లో అక్షరాలు నేర్పింది. రాయడం వచ్చిన సరదాకొద్దీ వంటింటి సీసాలన్నిటికీ చీటీలు అంటించాను. నా భర్తకు చదువు రాదు. ఆ చీటీలు చదివేది నేనొక్కదాన్నే.

ఆ చలికాలం ఇంటి పెద్దాయన, మేం బాబా అని పిలిచేవాళ్లం, తన వేట తుపాకీకి తూటాలు తానే నింపుకోవడం నేర్చుకుంటున్నాడు. కాల్చిన ఖాళీ తూటాల్లో మళ్లీ తుపాకిమందు, గుండ్లు పెట్టే చిన్న యంత్రం పక్కగదిలో బిగించాడు. సాయానికి నా భర్త. బాబా షరతులు వినీ వినీ నాకూ వచ్చేశాయి. గదిలో సిగరెట్టు కూడదు, ఫోను కూడదు. మందు రెండు రకాలు, రెండు డబ్బాల్లో ఉండేది; బల్ల మీద మాత్రం ఒకే డబ్బా ఉండాలి. మిగిలింది మళ్లీ ఆ డబ్బాలోకే పోవాలి. ఒక మందు బదులు ఇంకోటి పడితే తుపాకి ముఖం మీదే పేలుతుందట.

ఒక శుక్రవారం చారు కాస్తూ మిరియాల పొడి సీసా తీశాను. మూత తిప్పితే ఘాటు రాలేదు. లోపల నల్లటి నలకలు మెరుస్తున్నాయి. పొయ్యి ఆపేసి, సీసా పట్టుకుని పెరట్లోకి నడిచాను. అక్కడ నా భర్త కారు కడుగుతున్నాడు.

"ఏందయ్యా ఇది?"

"మందు డబ్బా మూత బిగుసుకుపాయ. నీ సీసాలో అడుగున రవంతే ఉంటే దులిపేసి, మిగిలిన మందు దాన్లో పోస్తి. అన్నానికి వచ్చి వంటింట్లోనే మరిస్తి."

"పైన మిరియాల పొడి అని రాసుండాది. చారులోకి వంచింటే?"

"వంచలేదు గదా! నీ రాతలు నాకేం తెలుసు మే? ఇటియ్యి, డబ్బాలో పోసేస్తా."

"ఏ డబ్బాలో?"

"నల్ల పొడి ఉండే డబ్బాలో."

"రెండు డబ్బాల్లోనూ నల్లదే గదా!"

గుడ్డ బక్కెట్లో పడేశాడు. "బాబాకు చెప్పొద్దు మే. చెప్తే ఖలాస్, ఊరికి టిక్కెట్టు చేతిలో పెడతాడు."

పని పోతే ఊళ్లో మాకు వేరే ఆధారం లేదు. కానీ ఆ తుపాకి బాబా బుగ్గకు ఆనించుకునేది. నాకొచ్చిన అరబ్బీలో బాబాకు చెప్పాను. ఏ డబ్బాలోదని బాబా అడిగితే నా భర్త ఒకటి చూపించాడు, మళ్లీ రెండోది చూపించాడు. బాబా అరవలేదు. మమ్మల్ని దూరంగా ఉండమని, సీసా తానే పారబోయడానికి పట్టుకుపోయాడు. తర్వాత ఆ గదికి తాళం వేశాడు.

"నన్ను ఇంటికి పంపియ్యడానికా నువ్వు సదువు నేర్సుకునింది?" అన్నాడు నా భర్త.

మా ఇఖామా, ఈ దేశంలో ఉండనిచ్చే అనుమతి కార్డు, పొడిగించాల్సిన నెల దగ్గరపడింది. బాబా ఆ మాటే ఎత్తడం లేదు. నిన్న భోజనంలో ఉప్పు చాలక నా భర్త లేచి వెళ్లి ఒక సీసా దించాడు. నన్ను అడగలేదు. మూత తీసి వాసన చూశాడు.

"అది ఉప్పే" అన్నాను.

మళ్లీ వాసన చూశాడు.