చెల్లుతుందని నేనన్న మాట

మా మేనత్త పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను కోవూరులో, పని చేసే ఎరువుల దుకాణం ముందు యూరియా బస్తాలు దింపిస్తున్నాను. ఫోను చేసింది అత్త కూతురు, మా వదిన. "అమ్మ తెల్లారి పోయింది. నువ్వొస్తావా?" అంది. ఆ ప్రశ్నలో నిష్ఠూరం లేదు. నేను వస్తానో రానో ఆమెకు నిజంగానే తెలియదు. కుళాయి దగ్గర రెండుసార్లు చేతులు కడుక్కుని బయల్దేరాను.

అత్తది తోటపల్లి గూడూరు దగ్గర పల్లె. గాలి అటు తిరిగితే సముద్రపు హోరు వినపడే చోట మూడెకరాల వరి. నా చిన్నప్పుడే మా అమ్మ పోవడంతో పదో తరగతి దాకా నేను ఆ ఇంట్లోనే పెరిగాను. నారులో కలిసిపోయిన ఊద గడ్డిని గుర్తుపట్టడం ఆమే నేర్పింది. "నడిమి ఈనె తెల్లగా ఉంటాది చూడు. పైకి రెండూ ఒకటే మాదిరి, అబ్బయా" అనేది. తోడు వచ్చిన కూలీలకు పెట్టాకే తను తినేది. నాకు మాత్రం అందరికంటే ముందే పెట్టేది.

చదువయ్యాక ఒక పైదేశానికి బియ్యం ఎగుమతి చేసే కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఊళ్ళలో సేంద్రియ రైతుల బృందాలు కట్టి, వాళ్ళ పంటకు మందులు వాడలేదనే పత్రం ఇప్పించడం నా పని. మా అత్తే మొదటి సభ్యురాలు. సంతకం పెట్టబోతూ ఆగి అడిగింది.

"మనోళ్ళిచ్చే కాయితాన్ని ఆ దేశపోళ్ళు ఎందుకు నమ్మాల?"

"రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయత్తా. ఇక్కడి తనిఖీలో సేంద్రియమని తేలితే అక్కడ మళ్ళీ ఏమీ అడగరు."

"పొలం చూడకుండానే తింటారా!" అని ఆశ్చర్యపోయింది. "అట్టయితే మనమే జాగర్తగా ఉండాల."

ఉంది కూడా. పత్రం రావడానికి మూడేళ్ళు పట్టింది. పక్క చేలో మందు కొడితే ఆ నీళ్ళు తన మడిలోకి రాకుండా తనే పార పట్టి మడవ కట్టేది. రోజూ పొలం పుస్తకంలో పెన్సిలుతో రాసేది. ఒకసారి తనిఖీకి వచ్చినాయన పుస్తకం తిరగేసి నవ్వాడు. "ఈరోజు ఏమీ చేయలేదు అని కూడా రాసినారేందమ్మా?"

"రాయకపోతే, చేయలేదని మీకెట్టా తెలుస్తాదయ్యా?" అంది అత్త.

ఒక ఏడు దోమపోటు వచ్చింది. చుట్టూ అందరూ మందు కొట్టారు. ఆమె వేపకషాయం తప్ప మరేదీ ముట్టలేదు. ఎకరం పైరు కళ్ళముందే ఎండి సుడులు సుడులుగా పడిపోయింది. నేనే ఉండబట్టలేక, ఒక్కసారి కొడితే ఎవరికీ తెలియదన్నాను. ఆమె నావైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "చూడకుండా తినేవాళ్ళురా వాళ్ళు" అంది, అంతే.

ఆ మరుసటి ఏడు, నారు పోసే ముందు, మా అధికారి నన్ను పిలిచాడు. ఆ దేశం మన పత్రాన్ని ఒప్పుకోవడం మానేసిందట. ఇక వాళ్ళ నిబంధనల ప్రకారం, వాళ్ళు ఒప్పుకున్న సంస్థతో మొదటినుంచి తనిఖీ చేయించుకోవాలట. "రైతులకి ఇప్పుడే చెప్పొద్దు. చెబితే మందులు కొట్టేస్తారు. రేపు మళ్ళీ ఒప్పందం కుదిరితే మనకు సరుకు ఉండదు" అన్నాడు.

సరిగ్గా ఆ వారమే రొయ్యల గుంటలవాళ్ళు అత్త పొలాన్ని కౌలుకు అడిగారు. ఆమె నన్ను పిలిపించింది. అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని అడిగింది. "ఈ ఏడు గూడా మన కాయితం చెల్లుతాదా?"

"చెల్లుతుందత్తా" అన్నాను. ఆమె గుంటలవాళ్ళకు పొలం ఇవ్వనని చెప్పి నారు పోసింది.

దేశాల మధ్య మాట తప్పిపోతే ఆ కబురు మా పల్లెకు చేరడానికి ఉన్న దారి నేనొక్కడినే. ఆ దారిని నేనే మూసేశాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. కోతల్లోపు అంతా సర్దుకుంటుందని నన్ను నేను నమ్మించుకున్నాను.

కోతలయ్యాయి. లారీ రాలేదు. వారం తర్వాత అధికారి వచ్చి, పత్రం చెల్లదని, ధాన్యం మిల్లుకు వేసుకోమని కళ్ళంలో అందరిముందూ చెప్పాడు. రైతులు కేకలు వేస్తే నావైపు చెయ్యి చూపించాడు. "మీవాడికి నాట్లకు ముందే చెప్పినాం గదా!"

కేకలు ఆగిపోయాయి. అత్త కొంగు దులుపుకుని లేచి ఇంటికి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళ్ళాను. గుమ్మంలో ఆగి, వెనక్కి తిరక్కుండా అంది. "ఆ దేశపోళ్ళు మాట తప్పినారంటే వాళ్ళ మొహం నేను చూసిందాన్ని కాదు. నువ్వు నా చేతి కూడు తిన్నోడివి."

మిల్లులో ఆమె ధాన్యాన్ని అందరి ధాన్యంలోనే కలిపి పోశారు. చివరి బస్తా ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడి చూసిందట. తర్వాత రెండెకరాలు గుంటలకు ఇచ్చేసింది. మిగిలిన ఎకరంలో మందు లేకుండానే పండించింది. పుస్తకం రాయడం మాత్రం మానేసింది.

కంపెనీ బృందాన్ని ఎత్తేసింది, నన్నూ తీసేసింది. నేను ఎరువుల దుకాణంలో చేరాను. వెళ్ళినప్పుడల్లా అత్త అన్నం పెట్టేది. ఇంకొంచెం వడ్డించేది కూడా. నన్ను ఏదైనా అడగడం ఒక్కటే మానేసింది. ధర ఎంతుందని గానీ, బస్సు ఎన్నింటికని గానీ, మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆమెను చివరిసారి చూసింది పోయిన వారం. మంచం మీద ఉంది. ఆ ఎకరం కోత అయింది, తడవకూడని వరి పనలు ఇంకా చేలోనే పడి ఉన్నాయి. బయట ఏదో చప్పుడైతే ఉలిక్కిపడింది. "వానా?"

నేను అప్పుడే బయటినుంచి వచ్చాను. "లేదత్తా, ఎండ కాస్తా ఉంది" అన్నాను.

ఆమె నా మొహం వైపు కాసేపు చూసింది. కోపం లేదు. తల తిప్పి వదినతో మెల్లగా అంది. "నువ్వొకసారి చూసిరా అమ్మాయ్."

వదిన వాకిట్లోకి వెళ్ళింది. ఆకాశం కిందికి అరచెయ్యి చాపి కాసేపు నిలబడింది. తిరిగొచ్చి, ఆ పొడి చేతిని వాళ్ళమ్మ చెంపకు ఆనించింది. అప్పుడు గానీ అత్త నిద్రకు కళ్ళు మూయలేదు.