మంగ నడుముకు కొలిచిన బెల్టు

తిరుపతికి పోతున్నామని చెబితే మా ఊళ్ళో అందరూ కొండకే అనుకుంటారు. లడ్డు తెమ్మని ముందే చెప్పేస్తారు. ఈసారి మేం వెళ్ళింది నడుముకు కట్టుకునే బెల్టు కోసం. దానికింత ప్రయాణమా అని మీకు అనిపించవచ్చు. వెళ్ళేముందు నాకూ అలాగే అనిపించింది.

మాది సత్యవేడు దగ్గర పల్లె. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మంగ నా ఆడబిడ్డ, మా ఆయనకు చెల్లెలు. మా వీధిలోనే కాపురం. ఆమెకు రెండు సీమావులు, అంటే జెర్సీ ఆవులు, ఉన్నాయి. రెండు పూటలా గొంతుక్కూర్చుని తనే పాలు పిండుతుంది. కొన్ని నెలలుగా నడుము పట్టేసి, పాలు పిండాక గోడ పట్టుకుంటే తప్ప లేవలేకపోతోంది. వాళ్ళాయన మునిరత్నం చెడ్డవాడేం కాదు. పెళ్ళాం బాధ చూడలేక ఒకరోజు తనే చెంబు పట్టుకున్నాడు, ఆవు తన్నింది. ఇక లాభం లేదని ఆవుల బ్రోకరుకు కబురు పెట్టాడు. అతను మర్నాడు సాయంత్రం వస్తానన్నాడు.

"ఆవుల్ని అమ్మేస్తే నేనేం జేసేది వదినా? పొద్దన్నే లేసి ఎవురి మొగం సూసేది?" అంది మంగ. ఆ మాటకే నేను బయల్దేరాను.

మా వీధిలో ఒక అలవాటుంది. ఒకరికి పనిచేసిన మందైనా, కట్టైనా వీధంతా తిరగాల్సిందే. సుగుణక్క మిద్దె మీంచి పడి వెన్నెముకకు ఆపరేషన్ చేయించుకున్నప్పుడు ఇచ్చిన బెల్టు అలాగే తిరుగుతోంది. వీపు వెనక ఇనప పట్టీలతో, డొక్కల దాకా వచ్చే పెద్ద బెల్టు అది. సుగుణక్కకు నయమైంది కనక అందరికీ నయమవుతుందని మా నమ్మకం. మంగ వంతు వచ్చినప్పుడు దాన్ని గట్టిగా బిగించి పాలు పిండింది, అన్నం తింది, కట్టుకునే నిద్రపోయింది. కూర్చుంటే పట్టీ డొక్కలో పొడిచేది. కాస్త వదులు చేద్దామని కొట్టంలో వెల్‌క్రో లాగితే చర్రుమన్న చప్పుడుకు ఆవు బెదిరి బకెట్టు తన్నేసేది. నడుము నొప్పి అలాగే ఉంది, పైగా పాలు తగ్గాయి.

మర్నాడు పొద్దున్నే పాలు కేంద్రంలో పోసి ఏడున్నర బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్లు కొట్టి ఇచ్చాడు. పాత బెల్టు సంచిలో పెట్టుకున్నాం. నాగలాపురం దాటేదాకా సీటు దొరకలేదు. దొరికాక కూడా స్పీడు బ్రేకరు వచ్చిన ప్రతిసారీ మంగ కళ్ళు మూసుకుని ముందు సీటు కమ్మీ పట్టుకునేది. నాకు డ్రైవరు మీద ఒళ్ళు మండిపోయింది. పాపం, బ్రేకర్లు వేసింది అతనేం కాదు.

పుత్తూరు దగ్గరపడుతుంటే వెనక సీటు తాత వంగి అడిగాడు. "ఈడ దిగి పుత్తూరు కట్టు కట్టిచ్చుకోకుండా తిరుపతి దాకా యాడికి పాపా?"

"అది ఎముకిరిగినోళ్ళకి గదా తాతా. నాకేం ఇరగలేదు, నడుము నొస్తా ఉండాది," అంది మంగ.

"అట్లయితే ఆ సంచిలోది ఎవురికి?" అన్నాడు తాత, పైకి తేలిన ఇనప పట్టీ చూపిస్తూ. మంగ ఆ పట్టీని సంచిలోకి నొక్కి, పైన కొంగు కప్పింది.

వడమాలపేట దాటి తిరుపతి బస్టాండు చేరేసరికి పదైంది. గుండ్లు చేయించుకున్న కుటుంబాల మధ్య నుంచి దారి చేసుకుని బయటపడి, ఇడ్లీ తిని, ఆటోలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మీరు వెళ్తే ముందుగా ఫోన్ చేసి టోకెను రాయించుకోండి. మేం రాయించుకోక బల్ల మీద ఎండిపోయాం. మంగ కాసేపు కూర్చుని, కాసేపు నిలబడి, వాచీ ఉన్నవాళ్ళందరినీ టైమడిగింది. సాయంత్రం పాల వేళకు ఇంట్లో ఉండాలి కదా.

డాక్టరు ఎక్స్‌రే తీయించి చూసి, కాళ్ళెత్తించి, వంచి, పాత బెల్టు బల్ల మీద పెట్టించుకున్నాడు.

"ఎముకకేం కాలేదమ్మా, కండరాలు పట్టేసినాయి. ఇది నడుము కదలకుండా ఉండాల్సినోళ్ళకి ఇచ్చేది. నువ్వు రేయింబగళ్ళు కట్టుకుంటే ఉన్న బలం కూడా పోతాది. మెత్తని బెల్టు రాస్తా. పని చేసేటప్పుడు మాత్రమే కట్టుకో, పడుకునేటప్పుడు తీసెయ్యి. నయం చేసేది బెల్టు కాదు, నేను నేర్పించే వ్యాయామం."

కాళ్ళు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, ఒంటేలు పట్టు తప్పినా ఒక్క పూట కూడా ఆగకుండా రమ్మని గట్టిగా చెప్పాడు. కొన్ని వారాలు పాలక్యాను ఎత్తొద్దన్నాడు. మంగ అన్నిటికీ తలూపింది.

బెల్టుల అంగడి ఎదురుగానే ఉంది. గోడ నిండా బెల్టులే. బాలింతలకు వేరు, భుజాల దాకా వచ్చేవి వేరు, కమ్మీలున్నవి వేరు. నేను కుట్టుపనిదాన్ని కదా, ఇంట్లోనే మంగ కొలత తీసుకెళ్ళి దర్జాగా చెప్పాను. అంగడామె నవ్వింది.

"యాడ కొలిచినావక్కా?"

"పావడా బొందు కట్టుకునేచోట, చీర కుచ్చిళ్ళ మీదుగా."

"అయితే ఆ కొలతకి పావడానే వస్తాది," అని చీర మడతలు సర్ది, తనే టేపు చుట్టి కొలిచింది. నేను చెప్పిన కొలత రెండు నంబర్లు ఎక్కువ. నేను మెల్లగా నా టేపు సంచిలోకి తోసేశాను.

"ఏం పని చేస్తావమ్మా?" అని ఆమె అడిగిందే తడవు, మంగ అంగడి మధ్యలో గొంతుక్కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాచి పాలు పిండడం మొదలుపెట్టింది. మెడకు పట్టీ వేసుకున్న ఒక పెద్దాయన తల తిప్పలేక ఒళ్ళంతా తిప్పి చూశాడు. వెడల్పు బెల్టు పొట్టలో మడతపడింది. రెండోది పైకి జరిగింది. మూడోది, సన్నటిది, కూర్చున్నా లేచినా కదల్లేదు. ఊపిరి హాయిగా ఆడుతోంది, లోపలికి రెండు వేళ్ళు దూరుతున్నాయి.

"అయినా గొంతుక్కూసుంటే ఏ బెల్టూ పూర్తిగా కాయదు, పీటేసుకో," అందామె.

"పీటేసుకుని పిండితే సోమరిదంటారు మా ఊళ్ళో," అని గొణిగి, మంగ ఆ బెల్టు వెల్‌క్రో లాగి చెవి దగ్గర పెట్టుకుంది. చర్రుమంది. మొహం వాడిపోయింది. "సప్పుడు లేంది లేదా అక్కా? నాకొక్కదానికి సరిపోతే సాలదు, ఆవుకీ సరిపోవల్ల."

సంగతి తెలిశాక అంగడామె నవ్వలేదు. ఇంట్లో కట్టుకుని కొట్టంలోకి పొమ్మంది, మళ్ళీ ఇంట్లోకొచ్చాకే విప్పమంది. ఇంత చిన్న ఉపాయం మా వీధిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ సన్నటి బెల్టే కొనుక్కుని, మెస్సులో భోంచేసి రెండు గంటల బస్సెక్కాం. పుత్తూరు దాటాక మునిరత్నం ఫోన్. బ్రోకరు ముందే వచ్చేశాడట, అడ్వాన్సు తీసుకోమంటున్నాడట. "పాలు పిండినాక మాట్లాడదామని సెప్పు," అని మంగ ఫోను పెట్టేసి, ఊరొచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఎవరి నొప్పి వాళ్ళదే అయినా, పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా దారి ఎంత పొడుగవుతుందో ఆరోజు నాకు తెలిసింది.

బస్సు దిగగానే మా వీధి ఎల్లమ్మ ఎదురైంది. "కొత్త బెల్టంట గదా మే! ఒగ నాలుగు దినాలియ్యి, నాకూ నడుము నొస్తా ఉండాది."

అడిగినవాళ్ళకు లేదనడం మంగకు చేతకాదు.

"ఇయ్యనక్కా. ఇది నా నడుముకి కొలిచింది. నువ్వు రా, నేనే తిరుపతికి పిల్సుకోని పోతా," అని ఆగకుండా నడిచింది. సుగుణక్క బెల్టు సుగుణక్క ఇంట్లోనే ఇచ్చేసింది.

ఇంట్లో తలుపేసుకుని బెల్టు కట్టుకుంది. అన్నానికి కూర్చునే పీట తీసుకుని కొట్టంలోకి వెళ్ళింది. బ్రోకరు తువ్వాలు భుజానేసుకుని చూస్తున్నాడు. ఆవు మెడ తిప్పి బెల్టును వాసన చూసింది, మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది. బకెట్టులో పాలు పడే చప్పుడు మొదలై, మధ్యలో ఆగలేదు.

మంగ లేచింది. చెయ్యి అలవాటుగా గోడ వైపు పోయింది గానీ, పట్టుకోలేదు. మునిరత్నం గబగబా వచ్చి ఆమె చేతిలోంచి బకెట్టు అందుకున్నాడు.

"సీకటి పడతాది," అన్నాడు బ్రోకరుతో. "నీకు బస్సుండాది గదప్పా, పో."