పైకి తేలిన ఎండుద్రాక్షలు

డెబ్బైల చివర్లో, కుప్పం నుంచి పుంగనూరు మీద మదనపల్లె పోయే బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన పేరు నేను అడగలేదు. కోలారు గనుల దొరల ఇండ్లలో వంట చేసినాడంట. నా సంచిలో ఖాళీ సీసాలు గలగలమంటా ఉంటే, యాలమ్మా అవి అన్నాడు. రాగి మొలకలతో, మామిడి రసంతో ఎండాకాలానికి పల్చటి బీరు పెడతాండానని, రెండేండ్లుగా సీసాలు పగిలిపోతాండాయని, ఇంకొక్కటి పగిలితే ఇంట్లో చెయ్యనియ్యనని మా అత్త తేల్చేసిందని చెప్పినాను.

ఆయన నవ్వలేదు. జేబులోంచి పొట్లం తీసి నా అరచేతిలో గుప్పెడు ఎండుద్రాక్షలు పోసినాడు.

"సీసాకు రెండు ఎయ్యమ్మా. అవి అడుగున ఉన్నంతవరకు తొందరపడొద్దు. పైకి తేలినాయంటే లోపల గ్యాసు నిండినట్టే, సీసాలు తడి ఇసకలో పూడ్సిపెట్టు, సల్లగుంటే పగలవు. రెండు దినాల్లో తాగేయాల."

పుంగనూరులో దిగిపోయినాడు.

మదనపల్లెలో మా వంటింట్లో పన్నెండు సీసాలు పెట్టినాను. మూడోనాడు పొద్దున ద్రాక్షలన్నీ పైన ఉండాయి. వెంటనే తడి ఇసకలో పూడ్సిపెట్టినాను. ఒక్క సీసా పగల్లేదు. మర్నాడు మూత తీసి పోస్తే నురుగు గ్లాసు అంచుదాకా లేచి నిలబడింది. అత్త ముక్కు మూసుకోని ఒక గుక్క తాగింది. తర్వాత ముక్కు వదిలేసి గ్లాసంతా తాగింది.

"రెండు సీసాలు మీ మామకు కనపడకుండా పెట్టు," అనింది.