చింతపండుతో తోమిన తూటాలు

ఇత్తడి తోమి కాపురానికి నీళ్ళు వదులుకోబోయిన ఆడది ఈ లోకంలో ఎవరైనా ఉందంటే అది నేనే. అప్పుడే నవ్వకండి, ఇంకా మొదలుపెట్టలేదు. నా బుద్ధి ఏ గడ్డి మేసిందో ముందు వినండి.

రాయచోటి పక్క పల్లె నుంచి కువైత్‌కు కొత్తగా వచ్చాను. రుమైథియాలో ఒక ముసలి దంపతుల ఇంట్లో పని. ఇంటాయనను బాబా అనాలి, ఇంటావిడను మామా అనాలి. నా మొగుడు ఓబులేసు నాకంటే ముందే వచ్చి మంగఫ్‌లో ఒక కంపెనీలో పనిచేస్తున్నాడు. సముద్రం దాటి వచ్చినదాన్ని, ఒక్క బస్సు దూరం దాటి మొగుడి ముఖం చూడలేకపోయాను. నెలలు గడిచినా ఫోన్లోనే కాపురం.

"మామా, శుక్రవారం ఒక్క పూట మంగఫ్ పోయొస్తా" అని అడిగాను.

"కొత్త మనిషికి సెలవు లేదు. ఈ ఇంట్లో అది నా మాట" అంది మామా.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగినా మామా పెట్టదని ఆ రోజు తెలిసింది. ఇక మిగిలింది బాబా. ఆయన్ని ఎలాగైనా మెప్పించి, ఆ సంతోషంలో ఉండగానే శుక్రవారం అడిగేయాలి. ఇదీ నా పథకం.

బాబాకు రెండు ప్రాణాలు. ఒకటి షూటింగ్ క్లబ్బు. రెండోది దివానియా వెనక గదిలో ఉన్న బల్ల. దివానియా అంటే మగవాళ్ళు చేరి, టీ తాగుతూ లోకాన్ని బాగుచేసే గది. క్లబ్బులో కాల్చిన తూటాల ఖాళీ ఇత్తడి గుల్లలను ఇంటికి తెచ్చి, ఆ బల్ల దగ్గర కూర్చుని కొలిచి, సరిచేసి, మళ్ళీ వాడుకోవడానికి సిద్ధం చేసేవారు. తుపాకి మందు నింపేది మాత్రం క్లబ్బులోనే. ఇంట్లోకి చిటికెడు రానిచ్చేవారు కాదు.

ఒక గురువారం వాళ్ళిద్దరూ కొడుకు ఇంటికి బయలుదేరారు.

"ఆ గదిలో నేల తుడువు. బల్ల మీద దేన్నీ ముట్టుకోవద్దు. తెలిసిందా?" అంది మామా.

"తెలిసింది మామా."

నిజంగానే తెలిసింది, అబద్ధమెందుకు? కాకపోతే ముట్టుకోవద్దంటే పగలగొట్టొద్దని కదా అర్థం! అలా నాకు నేనే అర్థం చెప్పుకుని తలుపు తీశాను.

అదేం బల్లండీ, సంత అయిపోయాక మిగిలిన బజారులా ఉంది. ఉక్కు అచ్చులు ఒక పక్క, బ్రష్షులు ఒక పక్క, ఒక చెక్కకు వరసగా గుంటలు. దాన్ని చూడగానే మా ఊరి పొంగనాల పెనం గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. అచ్చులను పొడుగు పొట్టి చూసి బడిపిల్లల్లా నిలబెట్టాను. చిన్న చిన్న రింగులన్నీ మసాలా డబ్బాలోకి చేర్చాను. ఓ చక్కని గరాటు కనబడితే దీనికిక్కడ పనేమిటని వంటింట్లో నూనె సీసా మీద పెట్టాను.

ఇక ఇత్తడి గుల్లలు. మూడు నాలుగు పెట్టెల నిండా ఉన్నాయి, అన్నీ నల్లబడి! ఇత్తడి చెంబు నల్లబడితే ఆ ఇంట్లో ఆడదిక్కు లేదా అని అడిగే ఊరు మాది. పైగా ఒక్కోదాని అడుగున ఎర్రవి, నీలివి, నల్లవి మార్కర్ చుక్కలు. మనవళ్ళు గీసుంటారు, పాపం ముసలాయన ఎంత బాధపడుతున్నారోనని జాలిపడ్డాను.

ఓబులేసు ఊరి చింతపండు తెప్పించి నాకు పంపి ఉన్నాడు. దాన్ని ఉప్పేసి నానబెట్టాను. కొంగు బిగించాను. ఎంత మొండి చుక్కనైనా వదల్లేదు, అరచేతులు మండిపోతున్నా వదల్లేదు. కడిగి మిద్దె మీద వడియాల్లా ఆరబోశాను. ఆరాక అన్నీ కలిపి ఒకే ఖర్జూరాల పెట్టెలో పోశాను. బంగారం కొట్టు ముందు నిలబడ్డట్టు ఉంది. మెప్పుకోసం బాబా రాకకు ఎదురుచూశాను.

ఆ రాత్రే బాబా వచ్చారు, పెట్టెలోకి చూశారు.

"షునూ హాదా?" అన్నారు. ఇదేమిటని.

"నేనే బాబా! చింతపండు!"

"చుక్కలు?"

"పోయినాయి బాబా! ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు!"

ఆయన మెల్లగా కుర్చీలో కూలబడ్డారు. అప్పుడు చెప్పారు. ఎర్ర చుక్క ఒకసారి కాల్చినది, నీలం రెండుసార్లు, నల్లది ఇక పని అయిపోవచ్చిన ముసలిది. ముసలిది తెలియక మళ్ళీ నింపితే తుపాకీలోనే, ముఖం దగ్గరే పగలొచ్చు. ఇప్పుడు ఏది ఏదో ఆ పైవాడికే తెలియాలి. ఎల్లుండి క్లబ్బులో పోటీ.

అంతలో మామా వంటింట్లోంచి నూనె కారుతున్న గరాటు పట్టుకొచ్చింది. "ఇది నా సీసాలో ఏం చేస్తోంది?"

నాకు ఏడుపు ఆగలేదు. "బాబా సంతోషపడతారని చేసినా మామా! సంతోషంలో శుక్రవారం అడగాలనుకున్నా. నా మొగుణ్ణి చూసి ఎన్నాళ్ళయిందో!" అని అరబ్బీ సగం, తెలుగు సగం కలిపి కక్కేశాను.

"ఈమెకా సెలవు!" అంది మామా.

బాబా చాలాసేపు గడ్డం నిమురుకున్నారు. "సెలవు లేదు. కలిపినవాళ్ళే విడదీయాలి. ఇది ఒక్కరివల్ల అయ్యే పని కాదు. రేపు శుక్రవారం నీ మొగుణ్ణి రమ్మను" అన్నారు.

ఫోన్ చేశాను.

"ఏమబ్బా, రేపు శుక్రవారం నువ్వు ఈడికి రావాలంట. బాబా పిలుస్తాండాడు."

"నన్నెందుకుమే? ఏం జేసినావు?"

"తూటాలు తోమినా."

"ఏం తోమినావూ?"

"తూటాలబ్బా. నువ్వు పంపిన చింతపండుతోనే."

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! చింతపండు నేను పంపినానని చెప్పలేదు గదా?"

శుక్రవారం ఓబులేసు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కువైత్‌లో ఉండనిచ్చే ఇఖామా కార్డు చేతిలోనే పట్టుకుని, ఊరికి పంపించేస్తారనే భయంతో వచ్చాడు. బాబా మా ఇద్దరినీ బల్ల ముందు కూర్చోబెట్టి భూతద్దం ఇచ్చారు. "అడుగు దగ్గర సన్నని మెరుపు గీత ఉంటే పాతది. లేకపోతే కొత్తది. యల్లా, కానివ్వండి" అని వెళ్ళిపోయారు.

మెరుపు గీతట! చింతపండు పుణ్యమా అని అన్నీ మెరుపే.

"ఇది పాతదా మే?"

"నాకేం తెలుసబ్బా, కొత్తదేమో."

అలా ఊరి మాటలు, ఓబులేసు ఉండే గదిలో గురక పెట్టేవాళ్ళ మాటలు చెప్పుకుంటూ పొద్దంతా ఏరాం. మధ్యాహ్నం మామా పళ్ళెం నిండా మచ్బూస్ పంపింది, మాంసం ముక్క అన్నానికి సమానంగా. సాయంత్రం బాబా వచ్చి రెండు కుప్పలూ చూసి, తల అడ్డంగా ఊపి, రెండూ కలిపి పెట్టెలో పోసేశారు.

"లా, లా. సరిగ్గా లేదు. మళ్ళీ శుక్రవారం."

"ఈ ముసిలాయన కండ్లకు ఏదీ ఆనదేమిమే!" అని ఓబులేసు గొణిగాడు.

మర్నాడు బాబా కొన్న తూటాలతో పోటీకి పోయి, ఓడి వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఓబులేసు వచ్చేవాడు, ఏరేవాళ్ళం, బాబా కలిపేసేవారు. ఏళ్ళు గడిచాయి. మా అంత చేతకాని జంట కువైత్‌లో లేదని మేమే ఒప్పేసుకున్నాం.

మొన్నీమధ్య మామా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఆ పెట్టె అడ్డమని పారేయబోతే మీ బాబా నా చేయి పట్టుకున్నాడు. గుర్తు పోయిన గుల్లను ఆయన మళ్ళీ వాడతాడా? ఆ రోజే వాటికి ఖలాస్. కొత్తవి ఎప్పుడో కొనుక్కున్నాడు."

"మరి ఎందుకు పారేయొద్దన్నారు మామా?"

"'పారేస్తే ఆ పిల్లలు శుక్రవారం ఎక్కడ కూర్చుంటారు?' అన్నాడు. సెలవు లేదన్న నా మాట నిలబెట్టి, ఇన్నేళ్ళు నన్నూ బుట్టలో వేశాడు చూడు!"

నేను వంటింట్లోకి పోయి మనసారా ఏడ్చాను. కన్నతండ్రి కూడా ఇంత ఉపాయంగా కూతురి కాపురం నిలబెట్టడు. ఆయన చల్లగా ఉండాలి.

శుక్రవారం ఓబులేసు చెవిలో సంగతి వేశాను. వెంటనే భూతద్దం తీసి, ఒక గుల్ల పైకెత్తి, పక్క గదిలో ఉన్న బాబాకు వినబడేలా గట్టిగా అరిచాడు.

"ఇది పాతదా కొత్తదా మే? ఒక పట్టాన తెలీడంల్యా!"

అందుకే, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పరాయివాళ్ళ బల్ల మీద ఇత్తడిని ఈ జన్మలో తోమను. మార్కర్ చుక్క కనబడితే దండం పెట్టి పక్కకు తప్పుకుంటాను. ఆ ఖర్జూరాల పెట్టెలో గుల్లలను మాత్రం, బాబా బతికున్నంతకాలం, ఒక్కటి కూడా సరిగ్గా ఏరను. చింతపండు మీద ఒట్టు.