టైరు కింది రాయి

కడపలో పెరిగిన నేను కొత్తకోడలిగా కోయిలకుంట్ల దగ్గరి మా శనగచేనికి వెళ్లాను. నూర్పిళ్ల మధ్యాహ్నం. టీ కాచే పొయ్యికి మూడో రాయి వెతుకుతుంటే ట్రాక్టరు టైరు కింద ఒకటి కనిపించింది. లాగేశాను. సెల్ఫ్ పనిచేయని ఆ ముసలి బండిని దొర్లించి స్టార్ట్ చేస్తారని, అందుకే మిట్టమీద రాయి అడ్డుపెట్టి ఆపుతారని నాకేం తెలుసు?

చప్పుడు లేకుండా కదిలింది. ట్రాలీలో శనగపొట్టుమీద మామగారి నాన్న, మా జేజినాయన, నిద్రపోతున్నారు. ఎండలో పొట్టు బంగారంలా ఎగురుతుంటే బండి పడవలా తేలిపోతోంది. రాయి పట్టుకునే వెనక పరుగెత్తాను. కింద శనగల రాశిలో దిగబడి ఆగింది.

జేజినాయన కళ్లు తెరిచి, "శానా మెత్తగా తోలినారే! ఎవురమ్మా తోలింది?" అన్నారు.

"నేనే, జేజినాయనా" అన్నాను.

ఇప్పటికీ పొయ్యిరాళ్లు ఇంటినుంచే మోసుకెళ్తాను. ఆయన మాత్రం ట్రాక్టరెక్కితే నన్నే తోలమంటారు.